నాడీకణములలో మాంసకృత్తుల రవాణా: దాని నియంత్రణము

శరీరమందలి కణములలో నాడీకణమునకున్నంత విపరీతమైన ఆకృతి మరియొకదానికి లేదు. వెన్నుపాము దిగువభాగమున నుండి పాదమునందలి కండరములను ఆడించు నాడీకణమును తీసికొన్నచో, దాని కణదేహము అడ్డముగా మిల్లీమీటరులో పదవవంతునకు మించకుండగా, దానినుండి వెడలు ఆక్సాను (తంత్రికాక్షము) దాదాపు 1 మీటరు పొడవున సాగి పాదమును చేరును. కేంద్రకమును, మాంసకృత్తులను (ప్రోటీనులను) తయారుచేయు రైబోసోములలో అధికభాగమును, తయారైనవానిని వేరుపరచి తిత్తులలో కట్టిపెట్టు గాల్జీ సంక్లిష్టమును కణదేహముననే యుండుటచేత, ఆక్సాను కొనయందలి నాడీసంధికి కావలసిన సరకు ఇంచుమించుగా అంతయు ఇంతదూరము ప్రయాణించియే పోవలసి యున్నది. అచట అరిగిపోయిన వస్తువులును, ఆ కొన పరిస్థితిని తెలుపు సంకేతములును అదే మార్గమున వెనుకకు రావలెను. ఏ సరకు, ఎంత పరిమాణమున, ఏ శాఖవైపు పోవలెనో, ఎచట నిలువవలెనో తీర్చు ఏర్పాటును రవాణా నియంత్రణము అందురు.

ఈ పని తనంతట తాను జరుగునది కాదనుటకు చిన్న లెక్క చాలును. కణద్రవమున ఇటునటు కొట్టుకొను సాధారణమైన మాంసకృత్తు అణువు కేవలము విసరణముచేత 10 మైక్రానుల దూరము కదలుటకు కొలది సెకనులు పట్టును. కాని విసరణమునకు పట్టు కాలము దూరముతో గాక దూరపు వర్గముతో పెరుగును. దూరము లక్ష రెట్లయినచో కాలము వేయి కోట్ల రెట్లగును. ఆ లెక్కన కణదేహమున బుట్టిన అణువు పాదమునందలి నాడీసంధిని చేరుటకు వేయి సంవత్సరములకు మించిన కాలము కావలెను. కావున శక్తిని వ్యయపరచి సరకును మోయు యంత్రములు ఉండి తీరవలెను. అవి యున్నవి, వాని వేగమును, బలమును వర్ణించుటయందే సాధారణముగా ఈ విషయమును గూర్చి వ్రాయువారు ఉత్సాహము చూపుదురు. ఐతే గత నలువదియేండ్ల పరిశోధనలను ఒకచో కూర్చి చూచిన, కణము తన రవాణాను శాసించునది యంత్రములను త్వరపెట్టుటచేత గాదు, వానిని నిలిపి యుంచుటచేతను, తగిన సమయమున విడుచుటచేతను, గమ్యమున మరల పట్టుకొనుటచేతను అని స్పష్టపడును.

ఆక్సాను కణదేహముపై ఆధారపడి బ్రతుకునని మొదట చూపినవాడు ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఆగస్టస్ వాలర్. కప్ప నాలుకకు పోవు నాడులను కోసి, కణదేహములనుండి తెగిన భాగము కొలదిదినములలో శిథిలమగుటను ఆయన 1850లో వర్ణించెను. పోషణము ఎట్లు చేరుచున్నదో తెలియుటకు మరి నూరేండ్లు పట్టినది. 1948లో షికాగో విశ్వవిద్యాలయమున పాల్ వైస్, హెలెన్ హిస్కో అనువారు జంతువుల నాడి చుట్టును బిగువైన పట్టీని తొడిగి కొన్నివారములు వేచియుండగా, పట్టీకి కణదేహమువైపున ఆక్సానులు ఉబ్బి మెలికలు తిరిగినవి, అవతలివైపున సన్నగిలినవి. పట్టీని తీసివేయగా, అచట నిలిచిపోయిన పదార్థము దినమునకు 1 మిల్లీమీటరు మొదలు 2 మిల్లీమీటరుల వేగముతో ముందునకు కదలినది. ఆక్సాను లోపలి ద్రవ్యమంతయు ఒకేముద్దగా నెమ్మదిగా ప్రవహించుచున్నదని వైస్ భావించెను. ఆయన కొలిచిన వేగము నిజమైనదే. ముద్దగా కదలుట మాత్రము నిజము కాదని తరువాత తేలినది.

1960 తరువాత రేడియోధార్మికతగల ఎమినో ఆమ్లములు పరిశోధకుల చేతికి వచ్చినవి. వీనితో జరిగిన ప్రయోగములలో సిడ్నీ ఓక్స్ పిల్లులపై జరిపినది ఎంతో సరళమైనది. వెనుకకాలికి పోవు సయాటిక్ నాడికి మూలమైన, వెన్నుపాము ప్రక్కనుండు నాడీగ్రంథిలోనికి రేడియోధార్మిక ల్యూసిన్‌ను సూదితో ఎక్కించి, కొన్ని గంటలైన పిదప నాడిని కొలది మిల్లీమీటరుల తునుకలుగా కోసి, ఒక్కొక్క తునుకయందలి రేడియోధార్మికతను వేరువేరుగా లెక్కించిరి. ఆ లెక్కలను వరుసగా గీచినచో ఒక అలశిఖరము కనిపించును. ఎక్కువ గంటలు వేచియున్న కొలది ఆ శిఖరము దూరదూరముగా జరిగినది. దాని వేగము దినమునకు సుమారు 410 మిల్లీమీటరులు. అనగా పొరలతో కూడిన తిత్తులలోని సరకు 1 మీటరు దూరమును రెండున్నర దినములలో దాటును. వైస్ చూచిన మందప్రవాహమునకో, దాదాపు ఏడాదిన్నర మొదలు మూడేండ్ల వరకు పట్టును. వార్సాలో లిలియానా లుబిన్స్కా నాడిని రెండుచోట్ల కోసి విడదీసిన తునుకలో ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అను ఎంజైము రెండు కొనలయందును పోగగుటను చూపి, ప్రయాణము ముందునకే గాక వెనుకకును జరుగుచున్నదని నిరూపించెను.

ఈ కదలికను కంటితో చూచుటకు స్క్విడ్ అను సముద్రజీవి తోడ్పడినది. దాని బృహదాక్సాను అడ్డముగా అర మిల్లీమీటరును మించియుండును. ఒక కొనను కోసి రెండవ కొననుండి మెల్లగా నొత్తినచో లోపలి ద్రవ్యము బిరుసైన జిగురువలె గాజుపలకపైకి వెడలివచ్చును. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి వుడ్స్‌హోల్ సముద్రజీవశాస్త్ర ప్రయోగశాలలో 1980 తరువాత, సూక్ష్మదర్శినికి వీడియో కెమెరాను జతపరచిన క్రొత్త పద్ధతిని అనుసరించి రాబర్ట్ ఆలెన్, స్కాట్ బ్రేడీ, రేమండ్ లాసెక్ మున్నగువారు దీనిని పరిశీలించిరి. చుట్టును పొర లేదు, కణదేహముతో సంబంధము తెగినది. ఐనను తిత్తులు గంటల తరబడి రెండుదిక్కులకును బారులుతీరి పరువులిడుచుండెను. నడుపు శక్తి కణదేహమునుండి వచ్చుట లేదనియు, దారి పొడవునను ఉన్నదనియు దీనివలన తేటపడినది.

ఆ శక్తిని వినియోగించు యంత్రమును పట్టుకొన్న తీరు ఈ వ్యాసమందలి ప్రధానాంశమునకు మంచి దృష్టాంతము. కణములకు ఇంధనమైన ఏ.టి.పి.కి బదులుగా, దానిని పోలియుండియు విచ్ఛిన్నము కాని మరియొక పదార్థమును కలిపినంతనే, పరువెత్తుచున్న తిత్తులు తమకు దారియగు సూక్ష్మనాళికలు అను సన్నని గొట్టములకు అంటుకొని ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. నిలిచినవానిని వడగట్టవచ్చును. ఈ ఉపాయముతో 1985లో రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్స్ అనువారు కైనెసిన్ అను చాలక మాంసకృత్తును వేరుచేసిరి. బ్రేడీయు అదే సంవత్సరమున స్వతంత్రముగా దానిని చేరెను. కైనెసిన్ నాళికవెంట ముందునకు, అనగా ఆక్సాను కొనవైపునకు నడచును. రెండేండ్ల తరువాత రిచర్డ్ వాలీ ప్రయోగశాలలో వెనుకకు నడచు కణద్రవ డైనీన్ బయటపడినది.

కైనెసిన్‌కు రెండు శిరస్సులు కలవు. అవి ఒకదాని తరువాత ఒకటిగా నాళికను పట్టుచు విడుచుచు సాగును. ఒక్కొక్క అడుగు 8 నానోమీటరులు. కాంతికిరణముతో సూక్ష్మమైన పూసను పట్టియుంచు పద్ధతిని ఉపయోగించి ఈ అడుగును 1993లో కొలిచిరి. అడుగునకొక ఏ.టి.పి. అణువు ఖర్చగును. 1 మీటరు నడచుటకు 12 కోట్ల 50 లక్షల అడుగులు వేయవలెను. ఈ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డున ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి కండరమునుండి వేరుచేసినది భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అని తెలుగు పాఠకులకు జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఆ కాలముననే దానిని కనుగొనెను. ఇంతకును ఒక్క కైనెసిన్ అణువు సుమారు ఒక మైక్రాను దూరము నడచి నాళికనుండి ఊడిపోవును. ఒక్కొక్క తిత్తిపై అనేక చాలకములు, పెక్కుసారులు రెండు జాతులవియు కూడ, ఎక్కియుండుటచేతనే దీర్ఘప్రయాణము సాధ్యమగుచున్నది.

దారి యొక్క నిర్మాణమే మొదటి నియంత్రణము. సూక్ష్మనాళిక ట్యుబ్యులిన్ అను మాంసకృత్తు కూర్పుచేత 25 నానోమీటరుల మందముతో ఏర్పడిన గొట్టము; దానికి ధన, ఋణ అను రెండు కొనలుండును. ఆక్సానులో నాళికలన్నియు ధనకొనను బయటివైపునకే త్రిప్పియుండును. కణదేహమునుండి వెడలి సంకేతములను గ్రహించు కొమ్మలైన డెండ్రైటులలో ఇరుదిక్కులకు త్రిప్పినవియు కలగలిసి యుండునని పీటర్ బాస్ సహచరులతో కలిసి 1988లో చూపెను. కైనెసిన్ ధనకొనవైపునకు నడచును; కావున ఆక్సానులో దానినెక్కిన సరకు బయటికే పోవును. డెండ్రైటులో మాత్రము ఒకే చాలకము ఎటైనను పోవచ్చును. ఆక్సాను ప్రారంభభాగమున ఆంకిరిన్-జి అను మాంసకృత్తు ఆధారముగా ఒక దట్టమైన వడపోత యేర్పడి, డెండ్రైటులకు ఉద్దేశింపబడిన తిత్తులను లోపలికి రాకుండ నిలిపివేయును.

ఇక చాలకముల విషయము. సరకు దొరకని కైనెసిన్ ఖాళీగా పరువెత్తుచు ఇంధనము వ్యర్థపరచునని తలపవచ్చును, అట్లు జరుగదు. దాని తోక ముడుచుకొని వచ్చి శిరస్సులను తాకి, ఏ.టి.పి.ని విచ్ఛిన్నపరచకుండ చేయును. దీనిని ఆత్మనిరోధము అందురు. ఇదియే చాలకము యొక్క సహజస్థితి. తిత్తిపైనుండు సంధాన మాంసకృత్తులు వచ్చి తోకను పట్టుకొన్నప్పుడు గాని ముడి విడదు, జె.ఐ.పి.-1 అను సంధానకము ఒంటిగా చాలక, మరియొకటి తోడైనపుడే కైనెసిన్ నడచుటయు కద్దు. ఇది అనవసరమైన జాగ్రత్తవలె తోచునుగాని, రెండు చేతులు పడినగాని తెరువని తాళము కణమున ఉండుటలో కల ప్రయోజనము సుగ్రాహ్యమే. నాడీసంధికి కావలసిన తిత్తులను మోయు కె.ఐ.ఎఫ్.1ఏ అను మరియొక కైనెసిన్‌కును ఇట్టి ముడియే కలదు. డైనీన్ కథ ఇంకను విచిత్రమైనది. క్షీరదముల డైనీన్‌ను శుద్ధిపరచి నాళికపై విడిచిన, అది దూరము నడువక తడబడి ఊడిపోవుచుండెను; దీని కారణము చిరకాలము తెలియలేదు. డైనాక్టిన్ అను పెద్దసముదాయమును, సరకును పట్టు సంధానకమును కలిపి మూడింటిని జతపరచినపుడే డైనీన్ స్థిరముగా దూరము నడచునని 2014లో రెండు ప్రయోగశాలలు వేరువేరుగా చూపినవి. సరకు లేక డైనీన్ నడువదు. సరకే చాలకమును మేల్కొలుపుచున్నది.

సంధానకముల ప్రవర్తనను మార్చుటకు కణము ఎక్కువగా వాడు సాధనము ఫాస్ఫేటు తగిలించుట. జి.ఎస్.కె.-3 అను ఎంజైము కైనెసిన్ యొక్క లఘుశృంఖలమునకు ఫాస్ఫేటు తగిలించినచో చాలకము తిత్తినుండి విడిపోవును. హంటింగ్టిన్ అను పెద్దమాంసకృత్తుపై ఒకానొక స్థానమున ఫాస్ఫేటు చేరినపుడు కైనెసిన్ తిత్తికి చేరి సరకును బయటికి తీసికొనిపోవును. ఫాస్ఫేటు ఊడినపుడు అదే సరకు డైనీన్ వెంట కణదేహమువైపు మరలును. డెండ్రైటులో జ్ఞాపకమునకు సంబంధించిన ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకములను మోయునది కె.ఐ.ఎఫ్.17 అను కైనెసిన్. నాడీసంధియొద్ద కాల్షియముచేత ఉత్తేజితమైన క్యామ్-కైనేజ్-2 అను ఎంజైము దాని తోకకు ఫాస్ఫేటు తగిలించగా గ్రాహకము చేతినుండి జారి అచటనే దిగును. ఇచట సరకును దింపవలసిన స్థలమును నిర్ణయించునది నాడీసంధి యొక్క వ్యాపారమే.

కాల్షియము ఈ వ్యవస్థలో ఎంత నిశితముగా పనిచేయునో మైటోకాండ్రియాల నడకలో బాగుగా కనబడును. ఆక్సానులో వీనిలో సుమారు మూడింట రెండువంతులు ఎప్పుడును నిలుకడగా నుండగా, మిగిలినవి ఇటునటు సంచరించును. సంచరించు మైటోకాండ్రియానుకు వెలుపలిపొరపై మీరో అను మాంసకృత్తు నాటుకొని యుండును. దానిని మిల్టన్ అను సంధానకము పట్టుకొనును. మిల్టన్‌ను కైనెసిన్ మోయును. మీరోకు కాల్షియమును పట్టు చేతులు రెండు కలవు. ప్రేరణలు వేగముగా వచ్చుచున్న నాడీసంధియొద్ద కాల్షియము పెరిగినపుడు, ఆ చేతులు దానిని పట్టిన మరుక్షణమే మైటోకాండ్రియాను ఆగిపోవును. ఆగుట ఎట్లు జరుగుననుటలో రెండు మతములున్నవి. కైనెసిన్ శిరస్సు నాళికను విడిచి మీరోను పట్టుకొనునని థామస్ ష్వార్జ్ వర్గము. చాలకమే మైటోకాండ్రియానుతో సంబంధము తెంచుకొనునని జోసెఫ్ కిట్లర్ వర్గము. ఏది యెట్లున్నను, శక్తి యెచట అధికముగా ఖర్చగుచున్నదో అచటనే శక్త్యుత్పాదకము నిలుచుచున్నది. ఆగినదానిని నాళికకు కట్టివేయుటకు సింటాఫిలిన్ అను వేరొక మాంసకృత్తు కలదు. అది లేని ఎలుకలలో ఆక్సాను మైటోకాండ్రియాలలో అధికసంఖ్యాకములు నిలుకడ లేక సంచరించుచుండును.

నాళికల ఉపరితలమున కూర్చుండు మాంసకృత్తులును నడకను ప్రభావితము చేయును. ఆల్జైమర్ వ్యాధిలో చిక్కులుపడు టావ్ వీనిలో ప్రసిద్ధమైనది. విడి అణువులను పరిశీలించిన ఎరికా హోల్జ్‌బార్ వర్గము 2008లో చూపినదానినిబట్టి, టావ్ గుంపును తాకిన కైనెసిన్ తరచుగా నాళికనుండి ఊడిపోవును. డైనీన్ మాత్రము వెనుదిరిగి పోవును. ఆక్సాను కొనవైపున టావ్ ఎక్కువగా నుండుటచేత, గమ్యము సమీపించిన కొలది సరకు దిగుటకు వీలు పెరుగునని వారి ఊహ. ఎం.ఏ.పి.-7 అనునది దీనికి విరుద్ధముగా కైనెసిన్‌ను నాళికకు చేర్చును. ట్యుబ్యులిన్ తోకకు గ్లుటమేటులు తగిలించుట, టైరొసిన్‌ను తొలగించుట మొదలైన మార్పులచేత ఒకే కణమందలి నాళికలు వివిధ చాలకములకు వివిధముగా అనుకూలించును.

వైస్ కొలిచిన మందప్రవాహమునకు సమాధానము మాత్రము చాలకాలము దొరకలేదు. ఆక్సానునకు ఆధారమైన పోగులగు న్యూరోఫిలమెంటులు, ట్యుబ్యులిన్, కణద్రవములోని ఎంజైములు దినమునకు 1 మిల్లీమీటరునకు లోపునుండి 8 మిల్లీమీటరుల వరకు సాగునని 1975 మొదలుగా పాల్ హాఫ్‌మన్, లాసెక్ మున్నగువారు తేల్చిరి. ఇంత నెమ్మదిగా లాగు ప్రత్యేక చాలకము ఉండియుండునని పలువురు వెదకిరి. అది దొరకలేదు, దొరకదు కూడ. 2000లో ఆంథొనీ బ్రౌన్ తన సహచరులతో, మెరయు మాంసకృత్తును తగిలించిన న్యూరోఫిలమెంటులను సజీవమైన ఆక్సానులో చూచెను. చాలసేపు కదలక పడియున్న పోగు ఒకటి అకస్మాత్తుగా లేచి, వేగముగా పోవు తిత్తులతో సమానమైన వేగమున పరువిడి, మరల నిలిచిపోయెను. వేగము తక్కువ కాదు, మజిలీలు ఎక్కువ. ప్రతి చిన్న స్టేషనునందును నిలుచు పాసింజరు రైలు ఇంజను మెయిలు ఇంజనుకు తీసిపోనట్లే, మందప్రవాహమును నడపునవి ఆ కైనెసిన్, డైనీనులే. న్యూరోఫిలమెంటు తోకలకు ఫాస్ఫేటులు ఎక్కువగా చేరిన కొలది మజిలీలు దీర్ఘములగును. దీనితో వైస్ సంఖ్యకును ఓక్స్ సంఖ్యకును గల రెండు మొదలు నాలుగువందల రెట్ల భేదము, నిలుచుకాలముల భేదముగా మారినది.

వెనుకకు వచ్చు ప్రవాహము చెత్తను మోయుట ఒక్కటే చేయదు. రీటా లెవీ-మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ బహుమానమును పొందినది నాడీవృద్ధి కారకమునకు సంబంధించి. ఆ కారకము ఆక్సాను కొనయందు తన గ్రాహకముతో గూడ తిత్తిలోనికి చేర్చబడి, డైనీన్ వెంట కణదేహమును చేరి, కేంద్రకమునకు సందేశము అందించును. ఈ దారినే శత్రువులును వాడుకొందురు. ధనుర్వాతపు విషము గాయమునుండి కండరమందలి నాడీకొనలలో దూరి ఈ వెనుకదారిన వెన్నుపామునకు చేరును. రేబిస్ క్రిమి కూడ అట్లే పోవును. కావుననే కుక్క కాలిని కరచినదానికంటె ముఖమును కరచినపుడు వ్యాధి శీఘ్రముగా బయటపడును, వైద్యుడును మరింత త్వరపడును.

కొనలయందు కొంత స్థానికమైన తయారీయు కలదు. డెండ్రైటులపై మొలకల మొదట రైబోసోముల గుంపులను 1982లో ఆస్వాల్డ్ స్టూవర్డ్, విలియం లెవీ చూచిరి. సందేశవాహక ఆర్.ఎన్.ఏ. కణికలుగా మూసివేయబడి కైనెసిన్‌పై ప్రయాణించి, నాడీసంధి పిలుపు వచ్చువరకు మౌనముగా నుండును.

ఈ రవాణా చెడినచో మొదట బాధపడునవి పొడవైన ఆక్సానులు. బిళ్ళగన్నేరునుండి తీయబడు విన్‌క్రిస్టిన్ ట్యుబ్యులిన్‌ను పట్టి నాళికలను కూలద్రోయుటచేత కాన్సరు కణములను చంపును; ఆ మందు వాడు రోగులకు మొదట వేళ్ళ కొనలలోనే తిమ్మిరి పుట్టుటకు కారణమిదియే. జన్యుదోషముల విషయమున కె.ఐ.ఎఫ్.5ఏ అను కైనెసిన్ జన్యువు మిక్కిలి బోధప్రదమైనది. దాని శిరస్సునందలి దోషములు నడకను కుంటుపరచి, కాళ్ళు బిగుసుకొనిపోవు వంశపారంపర్య పక్షవాతమును కలిగించునని 2002 నుండియు తెలియును. 2018లో అదే జన్యువు చివరిభాగమున వేరొక విధమైన దోషములు ఏ.ఎల్.ఎస్. అను ఘోరమైన చాలకనాడీ వ్యాధి గల కొన్ని కుటుంబములలో కనబడినవి. ఆ దోషములు తోక ఆకృతిని మార్చివేయుటచేత, తోక శిరస్సులను అడ్డగింపజాలక, చాలకము సరకున్నను లేకున్నను నడచుచు ఆక్సాను కొనలయందు గుంపుగా పోగగునని తరువాతి ప్రయోగములలో తేలినది. ఈ రోగులలో నాడీకణమును చంపుచున్నది చాలకము నడువలేకపోవుట గాదు, ఆగలేకపోవుట.